ఏడు రాత్రుల బంకమన్ను

ముప్పై ఎనిమిది మిల్లీమీటర్ల అడ్డుకొలత, డెబ్బై ఆరు మిల్లీమీటర్ల ఎత్తు. మట్టి ఎంత బరువుకు విరుగుతుందో తేల్చడానికి చేసే శాంపిల్ కొలత ఇది. చూడటానికి లావుపాటి కొవ్వొత్తి ముక్కలా ఉంటుంది. దాని ఘనపరిమాణం ఎనభై ఆరు పాయింట్ రెండు ఘన సెంటీమీటర్లు. ఈ అంకెను నేను ముప్పై ఎనిమిదేళ్లుగా కాగితం చూడకుండా చెబుతున్నాను. ముప్పై ఒక్కేళ్లు ఒక కాలేజీ మట్టి ల్యాబులో టెక్నీషియన్‌గా చేశాను. రిటైరయ్యాక ఒక ఏడాది ఇంట్లో ఉన్నాను. ఆరేళ్లుగా నెల్లూరు బయట హైవే పక్కనున్న ఒక ప్రైవేటు ల్యాబులో సోమ, మంగళ, గురువారాలు పని చేస్తున్నాను. మొత్తం ముప్పై ఎనిమిది. ఇంట్లో ఉన్న ఏడాదిని ఎందుకు కలిపావని అడిగితే, ఆ ఏడాది కూడా అంకె మరిచిపోలేదు కనుక కలిపాను.

ఇప్పుడు రాసేది ఆ ల్యాబులో మార్చి పదో తేదీ నుంచి ఏప్రిల్ ఏడో తేదీ దాకా జరిగిన సంగతి. ఆ రెండు తేదీలూ మంగళవారాలే.

మట్టి తోటపల్లి గూడూరు అవతల నుంచి వచ్చింది. రొయ్యల గుంటల మధ్యగా ఒక రోడ్డును వెడల్పు చేస్తున్నారు. అక్కడి నేల నల్ల బంకమన్ను. తడిస్తే కాలు దిగబడుతుంది, ఎండితే అరచేయి పట్టేంత నెర్రెలిస్తుంది. అలాంటి మట్టిలో సున్నం కలిపి గట్టిపరిచి, దాని మీద రోడ్డు వేస్తారు. ఎంత సున్నం కలిపితే ఎంత బలం వస్తుందో ముందుగా ల్యాబులో చూసి చెప్పాలి. నూటికి ఆరు పాళ్ల సున్నం కలిపి చూడమని కాంట్రాక్టరు రాశాడు. ఏడు రోజులకు బలం ఏడు వందలు రావాలి. కిలోపాస్కల్ అనే కొలతలో ఏడు వందలు. చదివేవాళ్లకు ఆ కొలత తెలియకపోయినా ఫరవాలేదు, ఏడు వందలు దాటాలని గుర్తుంటే చాలు.

ల్యాబులో మేం ముగ్గురం. ఒకరు ఇంజనీరు. ల్యాబు ఆయనదే, ముప్పై నాలుగేళ్లుంటాయి. నేను పనిచేసిన కాలేజీలోనే చదివాడు. మూడో సంవత్సరంలో డయల్ గేజీని, ముల్లుతో కొలత చూపే పరికరాన్ని, కింద పడేసిన సంగతి ఆయనకూ గుర్తే, నాకూ గుర్తే. ఇద్దరం ఎత్తం. రెండో మనిషిని నేను. మూడో ఆమె మైపాడు దగ్గర పల్లె నుంచి వచ్చేది. నలభై ఒక్క ఏళ్లు. ఉదయం బస్సు దొరికితే తొమ్మిదికి పది నిమిషాల ముందు, ఆటోలో వస్తే తొమ్మిదికి రెండు నిమిషాల ముందు లోపలికి వచ్చేది. ఆమె ఒక్కసారి కూడా ఆలస్యంగా రాలేదు. నేను రాసిపెట్టుకుంటాను కనుక తెలుసు.

ఆమె అంతకుముందు పదకొండేళ్లు రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసింది. ఐసు నీళ్లలో నానీ నానీ వేళ్ల సందులు ఒరుసుకుపోయాయి. ఇంకా అదే పని చేస్తే వేళ్లు పనికిరాకుండా పోతాయని ఆస్పత్రిలో చెప్పారట. అక్టోబరు ఒకటిన మా దగ్గర చేరింది. ఆరు నెలలు చూసి, పని బాగుంటే ఉంచుకుంటామని ఇంజనీరు ముందే చెప్పాడు. ఆరు నెలలు మార్చి ముప్పై ఒకటికి పూర్తవుతాయి. ఉంచుకోకపోతే మళ్లీ షెడ్డుకే పోవాలి. ఆ ఊళ్లో పదో తరగతి దాకా చదివిన ఆడమనిషికి వేరే పని లేదు. సున్నం కూడా చేతులకు మంచిది కాదని చేరిన రోజే చెప్పాను. గ్లౌజులు ఇస్తారు గదా పెద్దమ్మా, రొయ్యలకు ఎవరిస్తారు అంది.

చేరిన మూడో వారానికే ఆమె చేయి నాకు నచ్చింది. అయితే నచ్చిందని చెప్పే అలవాటు నాకు లేదు. మట్టిని ఎండబెట్టి, చెక్క సుత్తితో దంచి, జల్లెడ పట్టేటప్పుడు గవ్వ ముక్కలు వస్తాయి. వాటిని ఏరి పక్కన పెట్టాలి. ఆమె ఏరుతూనే ఇది కాలవలోది, ఇది సముద్రానిది అని రెండు కుప్పలు చేసేది. నాకు ఆ రెండు కుప్పలతో పని లేదు. అయినా రెండింటినీ తూచి రాసుకున్నాను.

మార్చి పదిన తొమ్మిది శాంపిళ్లు చేయాలి. ఏడు రోజులకు విరగ్గొట్టడానికి మూడు, ఇరవై ఎనిమిది రోజులకు మూడు, ఇరవై ఎనిమిది రోజులయ్యాక నీళ్లలో నానబెట్టి చూడటానికి మూడు. పన్నెండు వందల గ్రాముల మట్టి కావాలి. ఎండబెట్టిన మట్టిలో కూడా తేమ ఉంటుంది. ఆ రోజు ఉన్న తేమ నూటికి ఆరు. అంటే పన్నెండు వందల డెబ్బై రెండు గ్రాములు తూస్తే అందులో మట్టి పన్నెండు వందలు, నీరు డెబ్బై రెండు. సున్నం కూడా నూటికి ఆరు, అదీ డెబ్బై రెండు. మొత్తం పొడికి నూటికి ఇరవై నాలుగు పాళ్ల నీళ్లు, మూడు వందల ఐదు. అందులో డెబ్బై రెండు ముందే ఉంది కాబట్టి పోయాల్సింది రెండు వందల ముప్పై మూడు. చాలామంది ఆ డెబ్బై రెండు తీసేయడం మరిచిపోయి, మట్టి జారుగా వచ్చిందని మట్టిని తిడతారు.

సున్నం కలిపింది ఆమే. పొడి మట్టిని వెడల్పాటి ట్రేలో పరిచి, సున్నాన్ని వేళ్ల సందుల నుంచి పలచగా చల్లి, అడుగు నుంచి పైకి తిప్పి, మళ్లీ చల్లి, మళ్లీ తిప్పింది. ఎండు చేపకు ఉప్పు పట్టించే తీరు అది. నేను కాలేజీలో నేర్పిన తీరు వేరు. మట్టిని కుప్పపోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు కలపాలి. ఆమె తీరులోనూ రంగు సమంగానే వచ్చింది కనుక మార్చమనలేదు. తలుపు దగ్గర నిలబడి చూసిన ఇంజనీరు మాత్రం చేపల కూర చేస్తున్నావా అక్కా అని నవ్వి పోయాడు.

నీళ్లు కలిపాక ఆలస్యం చేయకూడదు. ఒక్కో శాంపిల్‌కు తడి మట్టి నూట అరవై పాయింట్ మూడు గ్రాములు తూచి, అచ్చులో పోసి, రెండు వైపులా నొక్కి, బయటికి తీసి, మళ్లీ తూచి, పొడవు కొలిచి, పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, అడుగున నీళ్లున్న గాజు పాత్రలో చిల్లుల పళ్లెం మీద నిలబెట్టాలి. ఒక్కోదానికి తొమ్మిది నిమిషాలు. తొమ్మిది తొమ్ములు ఎనభై ఒకటి. ఆమె నొక్కేది, తీసేది, చుట్టేది. నేను తూచి, కొలిచి, చీటీ రాసి కట్టేదాన్ని. చీటీ మీద శాంపిల్ నంబరు, చేసిన తేదీ, విరగ్గొట్టాల్సిన తేదీ ఉంటాయి. పాత్ర మూత తీసి చీటీ చూస్తే చాలు, రిజిస్టరు తీయనక్కర లేదు. ఈ పద్ధతి నేను పెట్టిందే.

అంతకుముందు వారం మా ఇంట్లో ఒక చావు జరిగింది. మార్చి ఐదు, గురువారం నాడు మా అక్క పోయింది. చిల్లకూరు పక్క ఊళ్లో ఉండేది, నాకన్నా ఆరేళ్లు పెద్ద. మాకు మూడు రోజుల మైల. శనివారంతో అయిపోయింది. తొమ్మిదో తేదీ సోమవారం పనికి వచ్చాను. మా వాళ్లలో ఎవరికైనా తేదీ కావాలంటే నాకే ఫోన్ చేస్తారు. మంగళవారం నేను చీటీలు రాస్తున్నప్పుడు మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. పదకొండో రోజు పెద్దకర్మ పదహారో తేదీ సోమవారం అని అందరికీ చెప్పేశానన్నాడు. ఐదుకు పదకొండు కలిపితే పదహారు గదా పిన్నమ్మా అన్నాడు.

చేతిలో పెన్ను అలాగే పెట్టుకుని వాడికి లెక్క చెప్పాను. నేను గొంతు పెంచానని ఆమె తర్వాత చెప్పింది.

"పోయినరోజు ఒకటిరా. ఐదు ఒకటి, ఆరు రెండు, ఏడు మూడు. వేళ్లు ముడుచుకుంటా రా. పదిహేను ఆదివారం పదకొండో రోజు. యాభై ఏళ్లొచ్చినాయి, పోయినరోజును లెక్కలో ఎయ్యాలని తెలీదా నీకు?"

వాడు వేళ్లు ముడుచుకున్నాడో లేదో తెలియదు. సరే పిన్నమ్మా అన్నాడు. ఫోన్ పక్కన పెట్టి మిగిలిన చీటీలు రాశాను. తొమ్మిదీ కట్టాను. పాత్రకు మూత పెట్టాం. అప్పుడు టైము పన్నెండూ పది.

పదిహేను ఆదివారం పెద్దకర్మ అయింది. పదహారు సోమవారం ఉదయం ల్యాబుకు వచ్చి పాత్ర మూత తీశాను. చీటీ ప్రకారం ఆ రోజే మూడు విరగ్గొట్టాలి. విరగ్గొట్టాం. యంత్రంలో నిలబెట్టి మెల్లగా బరువు పెంచితే శాంపిల్ పక్కగా ఏటవాలు పగులుతో కూర్చుంటుంది. ఆమె చక్రం తిప్పింది, నేను అంకెలు రాశాను. ఆరు వందల యాభై ఐదు. ఆరు వందల అరవై ఎనిమిది. ఆరు వందల అరవై. సగటు ఆరు వందల అరవై ఒకటి. కావాల్సిన దానికి ముప్పై తొమ్మిది తక్కువ.

ఇంజనీరు వచ్చి చూశాడు. ఇదే మట్టితో పోయిన ఏడాది పక్క రోడ్డుకు చేసినప్పుడు ఏడు వందలు దాటింది, అప్పుడు కలిపింది మీరు. మారింది కలిపిన చేయి ఒక్కటే అన్నాడు. అది తప్పుడు తర్కం కాదు. నేను రిజిస్టరు తీసి వరుసగా చూశాను. మట్టి బరువు సరి. సున్నం బరువు సరి. తేమ తీసివేత సరి. అచ్చు కొలత సరి. తొమ్మిది శాంపిళ్ల బరువుల మధ్య తేడా అర గ్రాము దాటలేదు. నేను నింపిన ప్రతి గడి సరిగ్గా ఉంది. మిగిలింది కలపడం. అదొక్కటే అంకెల్లో రాని పని.

రిమార్కుల గడిలో నా చేత్తో ఒక వాక్యం రాశాను: "సున్నం సమంగా కలవకపోయి ఉండవచ్చు." కింద సంతకం పెట్టాను. ఇంజనీరు పెట్టాడు. ఆమె కూడా పెట్టాలి కనుక పెట్టింది. పెట్టే ముందు వాక్యం చదివింది. అచ్చులు కడగడానికి వెళ్లింది.

రెండు రోజుల తర్వాత కాంట్రాక్టరుకు తాత్కాలిక రిపోర్టు వెళ్లింది. సున్నం ఎనిమిది పాళ్లకు పెంచాల్సి రావచ్చని అందులో ఉంది. ముప్పై ఒకటి తర్వాత ఆమెను ఉంచుకోవడం కష్టం మేడమ్ అని ఇంజనీరు ఆ గురువారం నాతో చెప్పాడు. ఆయన మాటలో కోపం లేదు. మీరే రాశారు గదా అన్నట్టు రిజిస్టరు వైపు చూశాడు. ఆమెకు కూడా చెప్పాడు. ఆమె ముప్పై ఒకటి దాకా రోజూ వచ్చింది. తొమ్మిదికి పది నిమిషాల ముందు, లేదా రెండు నిమిషాల ముందు.

ఆ రోజుల్లో నేను ఆమెతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. నేను రాసింది నిజమేనని అనుకున్నాను. నిజమైనదానికి సంజాయిషీ ఎందుకు అనుకున్నాను. అయితే ఒక విషయం ఉంది. అవే రోజుల్లో ఆమె వేరే మట్టిలో సున్నం కలుపుతుంటే రెండుసార్లు పక్కన నిలబడి చూశాను. తెల్ల చుక్క ఒక్కటీ కనిపించలేదు. చూశాను గానీ ఎక్కడా రాయలేదు.

ముప్పై, సోమవారం. భోజనాలయ్యాక ఆమె చేయి తుడుచుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చింది. శుక్రవారం రానని ఇంజనీరుకు చెప్పాలట, సెలవు చీటీ ఎలా రాయాలని అడిగింది. మంచి శుక్రవారం సెలవుకు చీటీ ఎందుకన్నాను. రేపటితో పోయేదాన్ని ఎట్టాగూ, అయినా ఒకవేళ ఉంచుకుంటే చెప్పకుండా మానిందనుకోకూడదు గదా అంది. ఆదివారం కూడా రానంది. ఆదివారం ఎలాగూ సెలవేనని నేనన్నాను. ఆదివారం తెల్లవారుజామున చర్చి దగ్గర ఉండాలి, యేసయ్య లేచింది మూడో రోజున గదా అందామె.

ఎవరైనా లెక్క తప్పు చెబితే దిద్దకుండా ఉండలేను. శుక్రవారానికి ఆదివారం మూడో రోజు ఎలా అవుతుంది, ఐదులోంచి మూడు తీసేస్తే రెండు అన్నాను. శుక్రవారం మూడో తేదీ, ఆదివారం ఐదు.

ఆమె నవ్వింది. పదహారో తేదీ తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

"ఏంది పెద్దమ్మా, ఆ పొద్దు ఫోన్లో మీ అక్క కొడుకును అంత అరిస్తిరి, పోయినరోజు ఒకటి అని. మీ అక్కకు ఒకటయితే మా యేసయ్యకు మాత్రం ఒకటి కాదా?"

లేచి గాజు పాత్ర దగ్గరికి వెళ్లి మూత తీశాను. ఇరవై ఎనిమిది రోజుల శాంపిళ్లు మూడూ ఉన్నాయి. చీటీ మీద చేసిన తేదీ పది. విరగ్గొట్టాల్సిన తేదీ ఏప్రిల్ ఆరు. నా చేతిరాతే. మార్చికి ముప్పై ఒక్క రోజులు. ముప్పై ఒకటిలోంచి పది పోతే ఇరవై ఒకటి, దానికి ఆరు కలిపితే ఇరవై ఏడు. ఒకటి తక్కువ. రిజిస్టరు తీశాను. ఏడు రోజుల శాంపిళ్లు: చేసింది పది, విరగ్గొట్టింది పదహారు. ఆరు రోజులు.

నేను మట్టికి చావు లెక్క వేశాను. చేసిన రోజును ఒకటిగా పట్టుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్లలో ల్యాబులో చేసిన రోజు సున్నా. అచ్చులోంచి బయటికి తీసిన గంట నుంచి ఇరవై నాలుగు గంటలు నిండితే ఒకటి. ఇంట్లో పుట్టుకకూ చావుకూ ఆ రోజే ఒకటి. రెండు లెక్కలూ నాకు తెలుసు. ఎప్పుడూ ఒకదానిలోకి ఇంకొకటి రాలేదు. ఆ ఒక్క మంగళవారం, ఫోన్ పెట్టేసిన చేత్తోనే చీటీలు రాశాను.

ఆమె వచ్చి పక్కన నిలబడింది. తప్పు నాది, ఆ మూడూ పదిహేడున విరగ్గొట్టాల్సినవి అని చెప్పాను. ఒక్క రోజుకే అంత తేడా వస్తుందా అని అడిగింది. తెలియదన్నాను. సున్నం పట్టిన మట్టి రోజురోజుకూ గట్టిపడుతుందన్నది నిజం. ముప్పై తొమ్మిదీ ఆ ఒక్క రోజుదేనని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ ఆరో రోజు అంకెను ఏడో రోజు అంకెగా రాసి, దాని మీద ఒక మనిషి పనిని తప్పు పట్టాను. ఆ మాట ఆమెతో ఇంత స్పష్టంగా అనలేదు. రిమార్కు కొట్టేస్తానని మాత్రం చెప్పాను.

ఆమె చీటీ వంక చూసి, వాళ్లాయన పనిచేసే పెద్ద పడవ సంగతి చెప్పింది. నాలుగైదు రోజులు వేటకు పోయే పడవ అది.

"పడవకు ఐసు రాత్రుల లెక్కన ఎత్తుతారు పెద్దమ్మా. ఎన్ని రోజులు అని అడగరు, ఎన్ని రాత్రులు అంటారు. రోజులంటే ఒకడు పోయినరోజును కలుపుతాడు, ఒకడు కలపడు. ఐసు తక్కువైతే చేపంతా కుళ్లిపోద్ది. రాత్రి అయితే ఎవుడు లెక్కబెట్టినా ఒకటే."

పది నుంచి పదహారుకు రాత్రులు లెక్కపెట్టాను. ఆరు. శుక్రవారం నుంచి ఆదివారానికి రెండు. అక్క పోయినప్పటి నుంచి పెద్దకర్మకు పది. ఎలా లెక్కపెట్టినా మారలేదు.

రిజిస్టరులో తప్పును తుడవకూడదు, దిద్దకూడదు. కింద అక్షరాలు కనిపించేలా ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. నా వాక్యం మీద గీత గీశాను. పక్కన రాశాను: "చీటీలో తేదీ తప్పు. శాంపిళ్లు ఏడు రోజులకు బదులు ఆరు రోజులకు విరగ్గొట్టబడినవి. తప్పు నాది." తర్వాత ఇరవై ఎనిమిది రోజుల చీటీలు మూడింటి మీదా ఆరు కొట్టేసి ఏడు వేశాను. నానబెట్టే మూడింటి మీద కూడా.

మరునాడు, ముప్పై ఒకటి మంగళవారం, ఇంజనీరు వచ్చీ రాగానే రిజిస్టరు ఆయన ముందు పెట్టాను. చదివాడు. తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

"మేడమ్, ఇది మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"రెండు తేదీలూ పక్కపక్కనే ఉండాయి సార్. తీసివేత వచ్చినోళ్లకి ఎవరికైనా తెలుస్తుంది."

"నాకు తెలియలేదే."

"మీరూ సంతకం పెట్టినారు."

ఆయన నవ్వలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. అప్పుడు ఆయనకు డయల్ గేజీ గుర్తొచ్చిందేమో తెలియదు. కాంట్రాక్టరుకు మళ్లీ ఉత్తరం రాయాలి, ల్యాబు పరువు పోతుందన్నాడు. ఉత్తరం నేను రాసి తెచ్చాను, ఐదు వాక్యాలు. చదివి జేబులో పెట్టుకున్నాడు. ఆమె విషయం ఏమిటని అడిగాను. కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. ఒక్క రోజుకు ముప్పై తొమ్మిది పెరుగుతుందా అని ఆయనా అదే అడిగాడు. తెలియదని నేనూ అదే చెప్పాను. అయితే ఈ రోజే మళ్లీ మూడు చేయండి, కలపడం ఆమే కలపాలి, మీరు చేయి పెట్టకూడదు, ఏడు రోజులు చూసి అప్పుడు తేలుద్దాం అన్నాడు. అప్పటిదాకా రోజు కూలి కింద ఉండమన్నాడు.

సంచిలో మట్టి మిగిలే ఉంది. మూడు వారాల ఎండకు దాని తేమ నూటికి ఐదుకు దిగింది. ఆ లెక్క ఆమే వేసింది. నేను తప్పు పట్టడానికి చూశాను, దొరకలేదు. కలపడం మొదలుపెట్టినప్పుడు నేను కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. అదే తీరు. వేళ్ల సందుల నుంచి చల్లడం, అడుగు నుంచి తిప్పడం. ఒక తేడా ఉంది. కాటాను రెండుసార్లు సున్నాకు తెచ్చి తూచింది. ఇంజనీరు లోపలే ఉన్నాడు, చేపల కూర మాట ఎత్తలేదు.

చీటీలు రాసే సమయానికి పెన్ను ఆమెకిచ్చాను. చేసిన తేదీ ముప్పై ఒకటి అని రాసింది. విరగ్గొట్టే తేదీ రాయకముందు, వేళ్లు కాదు, గోడ మీది క్యాలెండరులో గళ్ల మధ్య గీతలు లెక్కపెట్టింది. ఒక గీతకు ఒక రాత్రి. ముప్పై ఒకటి, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఏడు రాత్రులు. ఏప్రిల్ ఏడు మంగళవారం. తేదీ పక్కన "7 రా" అని రాసింది.

పాత శాంపిళ్ల లెక్క కూడా అలాగే చూశాను. మార్చిలో పది నుంచి ముప్పై ఒకటి దాకా ఇరవై రెండు రాత్రులు, ఏప్రిల్‌లో ఒకటి నుంచి ఆరు దాకా ఆరు. ఇరవై ఎనిమిది. అవీ ఏప్రిల్ ఏడునే. రెండు జట్లూ ఒకే రోజుకు వచ్చాయి. అది ఎవరూ అనుకుని చేసింది కాదు. అయినా నాకు సంతోషం కలిగింది.

శుక్రవారం ఆమె రాలేదు. చీటీ ఇచ్చే వెళ్లింది. ఆరో తేదీ సోమవారం మామూలుగా వచ్చింది. ఆ రోజు ఇద్దరం పాత్ర మూత తీయలేదు. రొయ్యల షెడ్డుకు ఏ రోజు నుంచి వస్తావో చెప్పమని అక్కడి మేస్త్రీ కబురు చేశాడని మాత్రం చెప్పింది. మంగళవారం దాకా ఆగమని చెప్పిందట.

ఏడో తేదీ. ముందు కొత్తవి విరగ్గొడదామని ఇంజనీరు అన్నాడు. ఉదయం పదకొండు దాటాక మొదలుపెట్టాం, చేసిన గంటకే ఏడు రోజులూ నిండాలని. చక్రం ఆయనే తిప్పాడు. నేను అంకెలు చదివాను, ఆయన రాశాడు. ఆమెను యంత్రం దగ్గరికి రానివ్వలేదు. తూచి, చుట్టిన కాగితం విప్పి ఇవ్వడం వరకే. మొదటిది ఆరు వందల తొంభై నాలుగు. ఇంజనీరు నా వైపు చూశాడు. నేను డయల్ వైపే చూశాను. రెండోది ఏడు వందల పదకొండు. మూడోది ఏడు వందల ఏడు. కూడితే రెండు వేల నూట పన్నెండు, మూడుతో భాగిస్తే ఏడు వందల నాలుగు. ఆయన ఫోనులో భాగించేలోపు నేను చెప్పాను. ఫోనులోనూ అదే వచ్చింది.

నిజం పూర్తిగా రాయాలి. ఆరు వందల అరవై ఒకటికీ ఏడు వందల నాలుగుకీ తేడా నలభై మూడు. అదంతా ఒక్క రోజుదే కాదు. ఏప్రిల్ మొదటి వారం గది మార్చి కన్నా రెండు డిగ్రీలు వేడిగా ఉంది. వేడికి సున్నం త్వరగా పడుతుంది. ఆ మాట కూడా రిమార్కుల గడిలో రాశాను. ఇది కూడా రాయాలా మేడమ్ అన్నాడు ఇంజనీరు. రాయాలన్నాను. కలపడంలో తప్పు ఉందని చెప్పే అంకె మాత్రం ఒక్కటీ లేదని దాని కింద రాశాను. ఆయన చదివి సంతకం పెట్టాడు. రిజిస్టరును ఆమె వైపు తిప్పి పెన్ను ఇచ్చాడు.

"సంతకం పెట్టక్కా. మేస్త్రీకి ఇంక రానని చెప్పు."

ఆమె రెండు చేతులూ చీరకు తుడుచుకుని పెట్టింది. ఆ తర్వాత ఇరవై ఎనిమిది రోజుల పాత శాంపిళ్లు మూడూ విరగ్గొట్టాం. ఈసారి చక్రం ఆమె తిప్పింది.

ఆ రోజు నుంచి చీటీలు నేను రాయడం లేదు. నేనే వద్దన్నాను. ఇంజనీరు మొహమాటానికి కూడా ఎందుకు మేడమ్ అనలేదు. ఆమె రాసిన ప్రతి చీటీ మీదా తేదీ పక్కన "7 రా" అనో "28 రా" అనో ఉంటుంది. తర్వాత ఒకసారి ల్యాబు తనిఖీకి వచ్చిన ఒకాయన చీటీ పట్టుకుని, ఈ రా ఏమిటని అడిగాడు. ఇంజనీరు నా వైపు చూశాడు. నేను ఆమె వైపు చూశాను.

రాత్రులు సార్ అంది. ఆయన క్యాలెండరు దగ్గరికి వెళ్లి వేలితో లెక్కపెట్టుకున్నాడు. సరిపోయింది. పక్క శాంపిల్ దగ్గరికి వెళ్లాడు.